తేలిక కారుకు తగిన వెనక ఇరుసు

మానవ నాగరికతకు చక్రమే మూలమని చిన్నప్పటి నుంచి చదువుకుంటున్నాం. చక్రం సరే, దాన్ని మోసే ఇరుసు మాట మాత్రం ఎవరూ ఎత్తరు. బరువంతా తన మీద వేసుకొని, దుమ్ములోనూ బురదలోనూ తిరుగుతూ, విరిగిన రోజున తప్ప ఎవరికీ గుర్తురాని భాగం అది. కందెన సంగతి సుమతీ శతకం చదివిన మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. కాని కందెన ఒక్కదానితో తీరని చిక్కులు కొన్ని వున్నాయి. వాటిని గురించే ఈ వ్యాసం.

ఇంజనీరింగు చదివే మిత్రులలో చాలామందికి సొంతంగా ఒక చిన్న కారు కట్టాలనే ఉబలాటం వుంటుంది. గొట్టాలతో చట్రం, పాత వ్యాను ఇంజను, రెండు సీట్లు, ఇంతే సరంజామా. చట్రం బొమ్మలు నెలల తరబడి గీస్తారు. ఇంజను మీద హాస్టలు గదుల్లో అర్ధరాత్రి దాకా వాదించుకుంటారు. వెనక ఇరుసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "గుజిరీలో ఏది గట్టిగా వుంటే అది పట్టుకొద్దాం పదరా" అంటారు. చిక్కంతా ఆ మాటలోనే వుంది. తేలిక బండికి కావలసింది అన్నిటికంటే గట్టి ఇరుసు కాదు, తగిన ఇరుసు. ఎందుకు అట్లా అంటున్నామో లెక్కతో సహా చూద్దాం.

1. ఈ ముచ్చట ఎక్కడ మొదలైంది?

1957లో ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే చిన్న కారును తెచ్చాడు. తొలి సెవెన్ బరువు 500 కిలోల లోపే. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే అప్పట్లో అమ్మకం పన్ను తప్పేది కాబట్టి, చాలామంది దాన్ని పెట్టెలలో తెచ్చుకొని సొంతంగా కట్టుకున్నారు. 1996లో రాన్ చాంపియన్ అనే బడి పంతులు, అట్లాంటి కారునే పాత సామానుతో అతి చౌకగా కట్టుకొనే విధానం మీద ఒక పుస్తకం రాశాడు. అందులో వెనక ఇరుసు పాత ఫోర్డ్ ఎస్కార్ట్ కారుది. ఆ ఇరుసు ఎందుకంటే అక్కడి గుజిరీలలో అది విరివిగా దొరికేది, చవక, పైగా బరువు తక్కువ. ఈ మూడు గుణాలూ గుర్తు పెట్టుకోండి.

మన దేశంలో విద్యార్థులు సొంతంగా బండి కట్టి పోటీ పడే బాజా ఎస్.ఏ.ఇ. ఇండియా 2007లోనూ, రేసుకారు పోటీ అయిన సుప్రా 2011లోనూ మొదలయ్యాయి. అప్పటి నుంచి పెద్ద నగరాలకే పరిమితమైన ఈ విద్య చిన్న ఊళ్ళ కళాశాలలకు కూడా పాకింది. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో పుట్టి పెరిగిన కుర్రవాడికి ఎస్కార్ట్ ఇరుసు దొరకదు. మరి మనకు దొరికేదేమిటి? అది తెలుసుకొనే ముందు ఇరుసు చేసే పని ఏమిటో చూడాలి.

2. ఇరుసు పనులు నాలుగు

ఎద్దుల బండి ఇరుసు తిరగదు, చక్రాలే దాని మీద తిరుగుతాయి. కడసీల వాటిని జారిపోకుండా ఆపుతుంది. ట్రాక్టరు ట్రాలీ ఇరుసూ అంతే. అది మోసే ఇరుసు మాత్రమే. కారుకు వెనక వుండేది మోస్తూ నడిపే ఇరుసు. దానికి పనులు నాలుగు.

మొదటిది, బరువు మొయ్యడం. రెండవది, పొడుగ్గా వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు తిప్పుడును అడ్డంగా మళ్ళించి, వేగం తగ్గించి, లాగుడు పెంచడం. ఈ పని పినియను, క్రౌను చక్రం కలిసి చేస్తాయి. మూడవది, మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగనివ్వడం. ఇది డిఫరెన్షియల్ పని. దీనికి 1827లో పేటెంటు తీసుకున్న ఫ్రెంచివాడు పెక్యూర్ గడియారాలు చేసేవాడు కావడం విశేషం. నాలుగవది, లాగేటప్పుడూ బ్రేకు వేసినప్పుడూ పుట్టే ఎదురు తిప్పుడును చట్రానికి అందించడం. ఈ నాలుగవ పనిని విద్యార్థులు మరచిపోతారు. ఇరుసును చట్రానికి తగిలించే పట్టీలు వూడేది అందుకే.

ఇంకొక తేడా కూడా తెలియాలి. లారీలలో ఇరుసు షాఫ్టు తిప్పడానికే గాని బరువు మొయ్యడానికి కాదు, బరువు హౌసింగు మీద వుంటుంది. అందుకే రోడ్డు పక్క షెడ్డులో లారీ చక్రాల మీద నిలబడి వుండగానే మెకానిక్కు షాఫ్టును బయటికి లాగేస్తాడు. కార్లలోనూ చిన్న వ్యాన్లలోనూ అట్లా కుదరదు. అక్కడ చక్రం నేరుగా షాఫ్టు చివరి పళ్ళేనికే బిగించి వుంటుంది. షాఫ్టే తిప్పాలి, షాఫ్టే మొయ్యాలి. బేరింగుకు బయటివైపు అది విరిగితే చక్రం బండిని విడిచి తన దారిన తాను పోతుంది. ఈ ఒక్క వాక్యం కోసమే ఈ వ్యాసం చదివినా నష్టం లేదు.

3. మన గుజిరీలలో దొరికేవి

అంబాసిడర్: తయారీ 2014లో ఆగిపోయింది. ఇరుసు మొండిది, బరువైనది. టన్నుకు పైగా వుండే కారు కోసం చేసినది.

జీపు: దీని ఇరుసు ఇంకా బరువు. ఎంతటి పొలం దారినైనా తట్టుకుంటుంది. మనవాళ్ళకు మోజు దీని మీదే.

మారుతి 800: ఇక్కడ కొందరు మోసపోతారు. ఈ కారులో ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది. వెనక వున్నది వట్టి మోసే ఇరుసు, అందులో పళ్ళచక్రాలు వుండవు.

మారుతి ఓమ్ని: 1984లో మారుతి వ్యాను పేరుతో వచ్చి 2019లో ఆగిపోయింది. 796 సి.సి. ఇంజను, వెనక చక్రాల నడక, 12 అంగుళాల చక్రాలు, బండి బరువు సుమారు 800 కిలోలు. బడిపిల్లల్ని తిప్పడం దగ్గర నుంచి కూరగాయలు మోయడం దాకా దీన్ని వాడని ఊరు లేదు. రెండు వెనక చక్రాల మధ్య దూరం సుమారు 1.2 మీటర్లు. ఇద్దరు కూర్చునే ఇరుకు చట్రానికి చక్కగా అమరుతుంది.

మారుతి ఈకో: 2010లో వచ్చింది. ఇదీ వెనక చక్రాల నడకే. ఇంజను పెద్దది, ఇరుసూ కొంచెం పెద్దది. విడిభాగాలకు కొరత లేదు.

ఓమ్ని ఇరుసులో మరొక సదుపాయం వుంది. ముందువైపు బోల్టులు విప్పితే క్రౌను, పినియను, డిఫరెన్షియల్ అన్నీ ఒకే గుత్తిగా బయటికి వస్తాయి. బల్ల మీద పెట్టుకొని తీరిగ్గా చూసుకోవచ్చు. ఇవన్నీ చెప్పినా "వ్యాను ఇరుసు ఆగుతుందా?" అనే అనుమానం మిగులుతుంది. దానికి జవాబు లెక్కే చెప్పాలి.

4. బండలాగుడు పోటీ చెప్పే పాఠం

మన సీమలో తిరునాళ్ళకు ఎద్దుల బండలాగుడు పోటీలు చూడని వాళ్ళు వుండరు. ఎంత బలమున్న జత అయినా గిట్టలు జారితే బండ కదలదు. బలం ఎద్దులో వుంటే చాలదు, నేల మీద పట్టు దొరకాలి. కారూ అంతే.

మన కారు 550 కిలోలు, ఇద్దరు మనుషులతో 700 కిలోలు అనుకుందాం. అందులో సగం, అంటే 350 కిలోలు, వెనక చక్రాల మీద పడుతుంది. పొడి రోడ్డు మీద టైరు పట్టు 0.8 అనుకుంటే నేల ఇచ్చే లాగుడు 280 కిలోలు. చక్రం వ్యాసార్ధం 0.27 మీటరు. కాబట్టి రెండు చక్రాల దగ్గరా కలిసి ఇరుసు భరించవలసిన తిప్పుడు సుమారు 75 కిలోగ్రాం-మీటర్లు. లాగేటప్పుడు బరువు కొంత వెనక్కి ఒరుగుతుంది. దాన్ని కలుపుకొని 90 అనుకున్నా సరే.

ఇప్పుడు ఇంజను వైపు నుంచి రండి. ఓమ్ని ఇంజను తిప్పుడు సుమారు 6 కిలోగ్రాం-మీటర్లు. మొదటి గేరు 3.5, ఇరుసు నిష్పత్తి 5 అనుకుంటే 6 × 3.5 × 5 = 105. ఇంజను 105 ఇవ్వగలదు, నేల మాత్రం 90కి మించి పట్టనివ్వదు. మిగిలింది టైరు జారిపోవడానికే పోతుంది. అంటే మన తేలిక కారులో టైరే ఇరుసుకు ఫ్యూజు వైరు లాంటిది.

అదే ఇరుసు వ్యానులో వున్నప్పుడు? మనుషులు, సామానుతో వ్యాను 1300 కిలోలైతే వెనక 700 కిలోలు పడుతుంది. 700 × 0.8 × 0.27 = 151. అంటే టైరు జారదు. ఇంజను ఇచ్చే 105 మొత్తం, దాని మీద క్లచ్చు ఒక్కసారిగా వదిలినప్పటి దెబ్బతో సహా, ఇరుసు భరించాలి. ఏళ్ళ తరబడి అట్లా భరించిన ఇరుసుకు మన కారు పెద్ద బరువు కాదు. నిండుగా జనాన్ని ఎక్కించుకొని నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల ఘాటు ఎక్కే వ్యాన్ల ఇరుసు ఇద్దరిని మొయ్యలేదంటే నమ్మేదెవరు?

అయితే రెండు హెచ్చరికలు. రేసు టైర్లు వేస్తే పట్టు 0.8 నుంచి 1.2 దాకా పోవచ్చు. అప్పుడు ఫ్యూజు వైరును మందం చేసినట్టే, ఇరుసు భారం ఒకటిన్నర రెట్లవుతుంది. అట్లాగే పెద్ద ఇంజను పెడితే అదే భారం రెండో గేరులో కూడా, మరిన్ని సార్లు పడుతుంది. లోహం ఒక్క దెబ్బకు విరగకపోయినా వెయ్యి దెబ్బలకు అలిసిపోతుంది.

5. అదనపు బలం చేసే చెరుపు

"ఆగుతుందో లేదో అనే బాధ లేకుండా జీపు ఇరుసే వేస్తే పోలే?" అనవచ్చు. పోదు. స్ప్రింగులకు పైన వుండే బరువు వేరు, కింద వుండే బరువు వేరు. గతుకు తగిలినప్పుడు కింది బరువు పైకి ఎగిరి, మళ్ళీ నేలకు దిగాలి. పై బరువే దాన్ని అణచి వుంచాలి.

చక్రాలతో కలిపి వ్యాను ఇరుసు 60 కిలోలనీ, వ్యాను వెనక భాగంలో స్ప్రింగుల మీద 600 కిలోలనీ అనుకోండి. నిష్పత్తి ఒకటికి పది. మన కారులో వెనక 300 కిలోలే వుంటే ఒకటికి అయిదు. అదే చోట 100 కిలోల ఇరుసు పెడితే ఒకటికి మూడు. అప్పుడు స్పీడు బ్రేకరు మీద ఇరుసు ఎగిరితే కారును కూడా ఎగరేస్తుంది. టైరు గాలిలో వున్నంతసేపూ బ్రేకూ పనిచెయ్యదు, స్టీరింగూ మాట వినదు. బలం కోసం తెచ్చిన ఇరుసు ప్రమాదం తెచ్చిపెట్టింది. ఈ అంకెలు ఊహకోసం ఇచ్చినవి. అసలు అంకెలు గుజిరీలో కాటా మీదే తెలుస్తాయి. ఎట్లాగూ వాళ్ళు తూకానికే అమ్ముతారు.

6. కొనేటప్పుడు చూడవలసినవి

ఒకటి, నిష్పత్తి. ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకొని, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. పినియను ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. సున్నంతో గుర్తు పెట్టుకుంటే పొరపాటు రాదు. తయారీదారులు 40కి 8 పళ్ళు కాకుండా 41కి 8 లాంటి అంకెలు ఎన్నుకుంటారు. అప్పుడు ప్రతి పన్నూ ప్రతి పన్నుతోనూ కలిసి సమంగా అరుగుతుంది.

రెండు, నూనె. అడుగు బోల్టు విప్పి నూనెను తెల్లని గుడ్డ మీద పోయండి. సన్నని మెరుపు వుంటే సహజమైన అరుగుదల. వేలికి గుచ్చుకునే ముక్కలు వస్తే ఆ ఇరుసు వదిలెయ్యండి.

మూడు, పళ్ళు. పళ్ళ మీద గుంటలు, విరుపులు, నీలి రంగు చారలు వుండకూడదు. నీలి రంగు నూనె లేక కాగినదానికి గుర్తు.

నాలుగు, షాఫ్టులు. లోపలి చివర గాడులు తిన్నగా వుండాలి. తాడు పేనినట్టు కొంచెం మెలి తిరిగినా ఆ షాఫ్టు ఆయుష్షు తీరినట్టే. ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

ఐదు, గాలిరంధ్రం. హౌసింగు పైన చిన్న మూత వుంటుంది. నల్లరేగడి మట్టి పట్టి అది మూసుకుపోతుంది. వేసవిలో 45 డిగ్రీల ఎండకు తోడు ఇరుసు కాగితే లోపలి గాలి వ్యాకోచించి, దారి లేక, నూనెను సీలు పక్కనుంచి బ్రేకు డ్రమ్ములోకి తోస్తుంది. నూనె తడిసిన బ్రేకు వుండీ లేనట్టే. ఒక పిన్నీసుతో పోయే జబ్బు ఇది.

ఆరు, కాగితాలు. ఏ బండి నుంచి విప్పారో తెలిసిన చోటే కొనండి, రసీదు అడిగి తీసుకోండి.

7. మెరుగుపరచడంలో వరుస

చేతిలో డబ్బు తక్కువ. ఇంటి దగ్గర నాన్న పంపేది ఫీజుకే చాలదు. కాబట్టి ఏది ముందు, ఏది వెనక అనేది ముఖ్యం.

మొదట బేరింగులు, ఆయిల్ సీళ్ళు. పాతవి ఎంత బాగా కనిపించినా కొత్తవి వెయ్యండి. షాఫ్టు మీద బేరింగును ఆపి వుంచే ఉక్కు ఉంగరం ఒకసారి తీస్తే మళ్ళీ వాడకూడదు. చక్రం ఊడకుండా ఆపేది ఆ ఉంగరమే. ఎద్దుల బండి కడసీల పని కారులో అది చేస్తుంది. తరువాత నూనె. ఈ పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాక జారుతాయి కూడా, కాబట్టి మామూలు ఇంజను ఆయిలు పనికిరాదు. తయారీదారు చెప్పిన జి.ఎల్.-5 రకం గేరాయిలే పొయ్యాలి.

రెండవది స్ప్రింగులు, తగిలింపు. వ్యాను కమాన్లు బరువు మొయ్యడానికి చేసినవి. తేలిక కారుకు అవి రాళ్ళలా వుంటాయి. ఒకటి రెండు పట్టాలు తీసేస్తే మెత్తబడతాయి గాని, ఇరుసు ఎదురు తిప్పుడును ఆపే శక్తీ తగ్గుతుంది. బయలుదేరేటప్పుడు ఇరుసు తడబడి గంతులు వేస్తుంది. నాలుగు పొడవు కడ్డీలు, అడ్డంగా ఒక కడ్డీ, రెండు కాయిలు స్ప్రింగులు పెట్టుకోవడం మేలు. హౌసింగుకు పట్టీలు వెల్డింగు చేసేటప్పుడు షాఫ్టులు, సీళ్ళు తీసెయ్యాలి. ఒకే చోట ఏకబిగిన కాల్చకుండా, అటు కొంచెం ఇటు కొంచెం, చల్లారనిస్తూ పొయ్యాలి. లేకపోతే గొట్టం అరటికాయలాగా వంగుతుంది, బేరింగులు నెలకొకసారి పోతాయి.

మూడవది బ్రేకులు. వెనక డిస్కు బ్రేకులు పెట్టాలని అందరికీ వుంటుంది. కాని తేలిక కారులో బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు పోయి, వెనక చక్రాలు ముందే బిగుసుకుంటాయి. బండి గిర్రున తిరుగుతుంది. మనకు కావలసింది వెనక బ్రేకు పెంచడం కాదు, తగ్గించడం. ఒత్తిడి సర్దే వాల్వు ఒకటి పెట్టి, ముందు చక్రాలే మొదట బిగిసేట్టు చూసుకోవాలి.

నాలుగవది నిష్పత్తి. చక్రం వ్యాసం 0.54 మీటరు అయితే చుట్టుకొలత 1.70 మీటర్లు. టాపు గేరులో ఇంజను నిమిషానికి 4500 చుట్లు తిరిగితే, నిష్పత్తి 5 వున్నప్పుడు చక్రం 900 చుట్లు తిరుగుతుంది, వేగం గంటకు సుమారు 92 కిలోమీటర్లు. నిష్పత్తి 4 అయితే 115. లాగుడు తగ్గదా అంటే, 1300 కిలోలను 5తో లాగడం కంటే 700 కిలోలను 4తో లాగడం దాదాపు ఒకటిన్నర రెట్లు సుళువు. అయినా క్రౌను పినియను మార్చడం ఖర్చు, నేర్పరి చెయ్యి కావాలి. ముందు చక్రాలే కొంచెం పెద్దవి వేసి చూడండి. వ్యాసం 0.58 అయితే అదే ఇంజను చుట్లకు వేగం 98కి పెరుగుతుంది. నంద్యాల-ఆళ్లగడ్డ దారిలాంటి చదును నేలకు అది చాలు.

చివరిది, రెండు చక్రాలకూ లాగుడు పంచే ప్రత్యేక డిఫరెన్షియల్. ఇది మంచిదే, కాని మన ఇరుసులకు సరిపడేది దొరకడం కష్టం, ఖరీదు.

8. చెయ్యరానివి రెండు

ఖరీదు భరించలేక కొందరు డిఫరెన్షియల్ పళ్ళనే వెల్డింగు చేసి బిగిస్తారు. వదులు మట్టిలో మెల్లగా పోయే పోటీ బండ్లకు అది చెల్లుతుంది, అక్కడ టైరు జారడానికి వీలుంది. గట్టి రోడ్డు మీద మలుపులో రెండు చక్రాలూ సమంగా తిరగాలంటే షాఫ్టు మెలిపడాలి లేదా కారు తిన్నగా పోవాలి. రెండూ ఆపదే.

రెండవది ఇంకా ఘోరం. ఇరుసు వెడల్పు తగ్గించడానికి షాఫ్టును మధ్యకు కోసి, ముక్క తీసి, వెల్డింగు చేసి, లేతు మీద నున్నగా చేస్తారు. చూడటానికి కొత్తదానిలాగే వుంటుంది. కాని షాఫ్టుకు బలం దాని పైపొర గట్టిదనంలో వుంది. వెల్డింగు వేడికి ఆ పొర మెత్తబడుతుంది, పక్కన పెళుసు పొర ఏర్పడుతుంది. మొదటి రోజు విరగదు, అదే దాని మోసం. ఎవరినో పక్కన ఎక్కించుకొని, నమ్మకంగా వేగం పెంచిన రోజున విరుగుతుంది. మిత్రులారా, వెడల్పు సరిపోకపోతే చట్రాన్ని మార్చండి. అది కాగితం మీద గీత, చెరిపి మళ్ళీ గీయవచ్చు.

9. ఎక్కడ నడపాలి?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మరింత స్పష్టం చేసింది. కొత్త నమూనా బండికి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆమోదం కావాలి. కాబట్టి మన కారు చోటు కళాశాల మైదానం, పోటీ ఆవరణ, అంతే. జాతీయ రహదారి మీద స్నేహితుల ముందు షోకు చెయ్యడానికి కాదు. మైదానంలోనైనా హెల్మెటు, బెల్టు లేకుండా ఎక్కవద్దు. మొదటి పది కిలోమీటర్ల తరువాత చక్రాలు విప్పి బోల్టులు, సీళ్ళు, వెల్డింగులు మళ్ళీ చూడండి.

ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర ఒక్కసారి కూర్చొని చూడండి. అక్కర లేని రాయిని తీసెయ్యడమే వాళ్ళ పని, కాని విగ్రహం నిలబడే పీఠాన్ని మాత్రం పలచన చెయ్యరు. తేలిక కారు కట్టేవాడికి కావలసిన వివేకం అదే. ఏది తగ్గించవచ్చో, ఏది తగ్గించరాదో లెక్క వేసి తెలుసుకోవాలి. గుజిరీకి పోయేటప్పుడు జేబులో డబ్బుతోపాటు ఒక టేపు, సున్నపు ముక్క, తెల్ల గుడ్డ, కాగితం మీద వేసుకున్న లెక్క తీసుకుపొండి.